వంతు దోవ

దిన్నెమీదపల్లె, పుంగనూరు దగ్గర
ఫిబ్రవరి 11

కోడలు ప్రసన్నలక్ష్మి చూసుకోవలసిన జాబు.

వరదరాజులు నాకు ఒక దోవ బాకీ పడి పదకొండేళ్ళయింది. ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమా అని రాసే ఓపిక నాకు లేదు. హాస్టల్లో మూడు పూటలా పెడతారంట కదా, క్షేమంగానే ఉంటావు.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఈ ఒక్క కాగితం రాయడానికి నాకు రెండు దినాలు పట్టింది. ఫోను చేద్దామంటే నాకు కుడి చెవి వినపడదు. ఎడమ చెవికి ఇష్టమైన మాటలే వినపడతాయని మీ అత్త అంటుంది. నువ్వు ఇంటికి వచ్చినప్పుడు అడుగుదామంటే, మామ ఎదుట కోడలు నిలబడి మాట్లాడడం మన ఇండ్లల్లో లేదు. నువ్వు తలుపు వెనక నుంచి మీ అత్తతో చెప్పి, మీ అత్త నాతో చెప్పేలోపల మాట సగం అరిగిపోతుంది. అందుకని కాగితం.

నువ్వు మదనపల్లె టౌన్లో పెరిగినదానివి. ఇక్కడి సంగతి నీకు తెలియదు కాబట్టి చెబుతాను. గుట్టకింది చేన్లకు పోవడానికి మనకు సర్కారు దోవ లేదు. రోడ్డు పక్కన మూడు చేన్లున్నాయి. మనది, రెడ్డెమ్మది, వరదరాజులుది. మా ముగ్గురికీ గుట్టకింద కూడా చేన్లుండేవి, ఇప్పుడు రెడ్డెమ్మకు లేదు. ఇంకొందరికి అక్కడ మాత్రమే ఉన్నాయి. ఎవరి బండి పోవాలన్నా రోడ్డు పక్క చేను ఏదో ఒకటి దాటాల. అందుకని మా నాయనల కాలంలో వంతు పెట్టుకున్నారు. ఒక ఏడు ఒకరు గెనిమ పక్కన, అంటే చేని గట్టు పక్కన, బండి పట్టేంత నేల విత్తకుండా వదులుతారు. ఆ ఏటికి అదే అందరి దోవ. మరుసటి ఏడు పక్క చేనువాడు వదులుతాడు. తొక్కుడుకు గట్టిపడిన నేలను దున్నిపెట్టేది ఆ దోవన పోయినవాళ్ళే. ఎవరి నేలా పోదు, ఎవరి బండీ ఆగదు.

నా వంతు నేను వదిలినాను. మరుసటి ఏడు రెడ్డెమ్మ మొగుడు వదిలినాడు, అప్పటికి బతికున్నాడు. ఆ పై ఏడు వరదరాజులు వంతు. వదల్లేదు. అప్పటినుంచి నా టమాటా బాక్సులు నెత్తిమీద రోడ్డుకు వస్తున్నాయి.

నువ్వు పటాలు గీసే చదువు చదువుతున్నావని మావాడు మహేష్ చెప్పినాడు. ఆకాశం నుంచి తీసిన పాత ఫోటోలు కూడా కనపడతాయంట. వరదరాజులు చేన్లో దోవ ఉండేదని ఒక పటం గీసి పంపు. పెద్దదిగా గీయి. పాలకేంద్రం గోడకు అంటించాల.

గంగాధరం


కుప్పం
ఫిబ్రవరి 19

మామగారికి నమస్కారాలు.

మీ చేతిరాత చూసి భయపడ్డాను. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో అనుకున్నాను. మొదటి వాక్యం చదివాక భయం పోయింది.

మా కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సుకు వయసు అడ్డం లేదు. నా పక్కన గీత అనే అమ్మాయి ఇంటరు ముగించి నేరుగా వచ్చింది. వెనక బెంచీలో కరెంటు లైన్‌మాన్ ఒకాయన ఉన్నాడు, ఆయనకు మనవరాలుంది. అందరికీ జయచంద్ర సారే చెబుతారు. ఈ చదువును జీఐఎస్ అంటారు మామా. పటం ఒక్కటే గీస్తే చాలదు. గాజు పలకల మీద గీసి ఒకదానిపై ఒకటి పెట్టినట్టు ఉంటుంది. చేన్లు ఒక పలక, బోర్లు ఒక పలక, దోవలు ఒక పలక. పలకలన్నీ ఒకే చోట సరిగ్గా కూర్చోవాలి, అదే కష్టం. నేను మొదటిసారి పెట్టినప్పుడు మన పల్లె రామసముద్రం దాటిపోయి కర్ణాటకలో పడింది. జయచంద్ర సారు చూసి, “రేషన్ కార్డు గూడా మార్చుకోవాల్సొస్తాదమ్మా” అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు మన పల్లె మన చోటే ఉంది.

పరీక్షతో పాటు ప్రతి ఒక్కరూ ఒక ఊరి పని చేసి చూపాలి. నేను మన పల్లె పొలం దోవలే తీసుకుంటాను. అయితే మామా, వరదరాజులుగారి చేన్లో గీయమంటే గీయడం కుదరదు. ఫోటోలో ఏముందో, నేల మీద ఏముందో రెండూ చూసి, ఉన్నదే గీయాలి.

రెండు సంగతులు అర్థం కాక అడుగుతున్నాను. ఎదుట ఉంటే అడిగేదాన్ని కాదు. రోడ్డు పక్కన మన సొంత చేను ఉంది కదా. దాని గుండా మన టమాటాను ఆటోలో తెచ్చుకోవచ్చు కదా? నెత్తిమీద మోయించడం ఎందుకు? రెండోది, మిగతావాళ్ళ ట్రాక్టర్లు గుట్టకిందికి ఎటునుంచి పోతున్నాయి?

అత్తను మోకాలికి నూనె రాసుకోమని చెప్పండి.

మీ కోడలు
ప్రసన్న


దిన్నెమీదపల్లె
మార్చి 1

ప్రసన్నకు,

ఇదే మాట నా కొడుకు అడిగితే ఆ పూట నేను ఇంట్లో కూడు తినలేదు. నువ్వు అడిగినావు కాబట్టి జవాబు రాస్తున్నాను. నా చేన్లో దోవ ఎందుకు వదలలేదంటే, వంతు నాది కాదు. అంతే. వరదరాజులు తన వంతు తీర్చితే మరుసటి ఏడు నాది వస్తుంది. వాడు తీర్చలేదు. వంతు వాడి దగ్గరే ఆగింది. వాడు ఎగ్గొట్టినదాన్ని నేను నెత్తినేసుకుంటే, ఊరు వాడి చేష్టనే న్యాయం అంటుంది.

వాడు చెప్పిన కారణం కూడా రాస్తాను, నేను దాచేవాణ్ణి కాదు. ఆ ఏడు కొత్తగా బోరు వేయించి, చేనంతా డ్రిప్పు పరిచినాడు. పాలకేంద్రం దగ్గర నేను అడిగితే, “పైపులేసినానప్పా. బండెక్కితే ఎవురు కట్టిస్తారు?” అన్నాడు. పైపులు వేసేటప్పుడు వంతు గుర్తు రాలేదా అన్నాను. “కాలం మారలేదా గంగాధరా, నీ బండ్లెద్దులు యాడుండాయి ఇప్పుడు?” అన్నాడు. నా ఎద్దులు ముసలివై పోయినాయి, నిజమే. దానికీ దోవకూ ఏం సంబంధం? ఆ దినం నుంచి మాటల్లేవు. ఇద్దరం ఒకే పాలకేంద్రానికి పోతాం. వాడు తూర్పు చూస్తే నేను పడమర చూస్తాను. మంచుకాలంలో ఎండ తూర్పునుంచి వస్తుంది కాబట్టి ఆ నాలుగు నెలలు తూర్పు నేను తీసుకున్నాను.

మోయించడం నష్టమే. బాక్సులు గెనిమ మీద జారితే కాయ నలుగుతుంది. మండీకి పోయేసరికి మొదటి వేలంపాట అయిపోతుంది. మహేష్ బతిమాలినాడు, మీ అత్త తిట్టింది. నేను కదల్లేదు. పల్లెలో అందరికీ తెలుసు, గంగాధరం వంతు తప్పడు.

మిగతావాళ్ళు ఎటు పోతే నాకేం? నేను వాళ్ళ వెంట పోలేదు. ఆ సంగతి నీకు అక్కర్లేదు.

ఉన్నదే గీస్తానన్నావు. గీయి. వాడి చేన్లో దోవ ఉండింది కాబట్టి ఉన్నదే వస్తుంది. నాకు భయం లేదు.

గంగాధరం


కుప్పం
ఏప్రిల్ 10

మామగారికి నమస్కారాలు.

ఉగాదికి వచ్చి రెండు దినాలు ఎండలో తిరిగినదాన్ని మీరు చూసే ఉంటారు. ఫోను చేతిలో పట్టుకుని గెనిమల మీద నడుస్తుంటే, ఎవరో అత్తతో “మీ కోడలికి సిగ్నలు దొరకడంలేదు పాపం” అన్నారంట. సిగ్నలు కోసం కాదు మామా. నడిచిన చోటల్లా ఫోను చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ఆ చుక్కలను తెచ్చి ఫోటో మీద వేస్తే నేల మీది దోవ పటంలోకి దిగుతుంది.

దిగింది. రోడ్డు నుంచి గుట్టకింది దాకా తెల్లగా, ట్రాక్టరు చక్రాల జాడలతో సహా ఒకే దోవ ఉంది. ఫోటోలో చూసినా అదే, నడిచి చూసినా అదే. జయచంద్ర సారు క్లాసులో అందరికీ నా పటమే చూపించారు. మన పంచాయతీ సెక్రటరీ కూడా ఒక కాపీ అడిగి తీసుకున్నారు. పొలం దోవలకు గ్రావెల్ పోయించే పని వచ్చిందంట, ఏ దోవకు పోయాలో పటం లేక ఆగారంట. నా పటం మీదే వేస్తామన్నారు.

అది వరదరాజులుగారి చేన్లో లేదు మామా. ఆయన చేన్లో ఇప్పుడు దోవ జాడే లేదు, అంతా టమాటా కట్టెలే. దోవ రెడ్డెమ్మత్త చేను గెనిమ వెంట పోతోంది. మీరు అడిగిన దోవ కాకపోయినా, దోవ అంటూ వచ్చింది కదా. గ్రావెల్ పడితే ఎప్పటికీ ఉంటుంది. వంతులతో పని లేదు, వరదరాజులుగారితోనూ పని లేదు. వచ్చే పంటకు మన బాక్సులు ఆటోలో వస్తాయి.

నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ చదువుకు పోతానన్నప్పుడు మీరు ఒక్క మాట వద్దనలేదు. పెళ్ళయినదానికి హాస్టలేమిటి అని మా పుట్టింటివాళ్ళే అన్నారు. అందుకే ఈ పటం మొదట మీకే పంపుతున్నాను, ఈ కవరులోనే ఉంది. ఎర్రగీత దోవ. పచ్చగా ఉన్నది మన చేను.

మీ కోడలు
ప్రసన్న


మదనపల్లె, టమాటా మార్కెట్టు
మే 6

ప్రసన్నకు,

మండీలో మన కాయ పాటకు రావడానికి ఇంకా పొద్దుంది. బాక్సు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే బాక్సును తిట్టుకో.

నీ పటం చేరి చాలా దినాలయింది. జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక కాదు. రాస్తే తిట్టుగా వస్తుందని ఆగినాను.

సెక్రటరీ ఆ పటాన్ని పెద్దదిగా తీయించి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినాడు. జూన్ పద్దెనిమిదిన మీటింగు, అందులో ఖాయం చేస్తారంట. ఊరంతా పోయి చూసింది. ఎవడి చేను ఎక్కడుందో ఎదుటివాడికి వేలు పెట్టి చూపించడమే పని. నేను పోయేసరికి వరదరాజులు అక్కడే ఉన్నాడు. పదకొండేళ్ళ తర్వాత నాతో నోరు తెరిచినాడు. ఏమన్నాడో తెలుసా?

“మీ కోడలు శానా బాగా గీసిందప్పా.”

ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. అదే నాకు కాలింది. వాడికి నచ్చే పటం నా ఇంటినుంచి పోయింది.

ఆ సాయంత్రం రెడ్డెమ్మ మన ఇంటికి వచ్చింది. నువ్వు ఉగాదికి వచ్చినప్పుడు ఆమె గంగవరంలో కూతురింట్లో ఉండింది, నిన్ను చూడలేదు. వాకిట్లో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మీ అత్త కాఫీ ఇస్తే లోటా పక్కన పెట్టింది. రెడ్డెమ్మ చేను నువ్వు చూసినావు, పొడుగు తప్ప వెడల్పు లేదు. గెనిమ వెంట గ్రావెల్ పోస్తే మిగిలే నేలలో నాగలి తిప్పుకోవడానికి కూడా చోటుండదు. అదొక్కటే ఆమెకు ఆధారం. గుట్టకింది ముక్క ఎప్పుడో అమ్మేసింది, మొగుడి మందులకు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. “అన్నా, నేను ఒకర్నీ రమ్మనలేదు, వద్దనలేదు. వద్దనకుంటే ఇచ్చేసినట్టేనా?” అని అడిగింది.

వరదరాజులు వదలని ఏడు, ఈ ఒక్క ఏటికి అని అందరూ పాత దోవనే పోయినారు. మరుసటి ఏడు ఆమె మొగుడు పోయినాడు. అడిగేవాడు లేడు. ఇంక ఎవరూ వేరే దోవ వెతకలేదు. నేను ఒక్కణ్ణే ఆ దోవన పోలేదు. ఆమెకు ఆ మాట చెప్పినాను. ఆమె నన్ను ఒకసారి చూసి వెళ్ళిపోయింది. అదేం చూపో నాకు తెలియలేదు.

కాబట్టి నీకు చెప్పేదేమంటే, ఆ ఎర్రగీత తుడిచెయ్యి. నువ్వు గీసినావు, నువ్వే తుడువు. నాకు ఆటో వద్దు, గ్రావెల్ వద్దు. వరదరాజులు చేన్లో గీయి. లేకపోతే ఉత్త కాగితం పంపు.

మన పాట వచ్చింది. పోతున్నాను.

గంగాధరం


కుప్పం
మే 15

మామగారికి నమస్కారాలు.

మీ జాబు చదివి ఆ దినం క్లాసుకు పోలేదు. దోవ ఎవరిదని అడగకుండా, దోవ ఎక్కడుందని మాత్రం చూశాను. రెడ్డెమ్మత్త ఊర్లో లేదని తెలిసి కూడా, వచ్చాక అడుగుదామని అనుకోలేదు. పటం బాగా వచ్చిందన్న సంబరంలో ఉన్నాను. నా పొరపాటు నేను దిద్దుకోవాలి.

మరుసటి దినం జయచంద్ర సారును అడిగాను, ఎర్రగీత తీసేయవచ్చా అని. సారు కసురుకోలేదు. “తీసేస్తావు సరే, ట్రాక్టర్లు రేపు యాడ పోతాయి? నువ్వు తీసేసినా ఆడనే పోతాయి. మీటింగులో నలుగురు లేచి, మేం పోయేదాన్ని పటంలో దాచినారంటారు. అప్పుడు నీ పటం పోతాది, ఆమె నేలా పోతాది” అన్నారు. ఆయన చెప్పింది నిజం. నేల మీద వేరే దోవ ఉంటేనే పటంలో ఆ గీత తీయడానికి నాకు నోరు ఉంటుంది.

వరదరాజులుగారి చేన్లో గీయమన్నారు. అందుకోసం పాత ఫోటోలన్నీ తీశాను. దొరికినంత వెనక్కు పోయి, ఒక్కో ఏటిని ఒక్కో పలక చేసి, పేర్చి చూశాను. మీరు చెప్పిందంతా నిజమే మామా. ఒక ఏడు దోవ మన చేన్లో ఉంది. మరుసటి ఏడు రెడ్డెమ్మత్త చేన్లో. ఆ పై ఏడు వరదరాజులుగారి చేన్లో. మళ్ళీ మన చేన్లో. పలకలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతుంటే దోవ మూడు చేన్ల మధ్య నడుస్తున్నట్టే ఉంది. నా పక్కన కూర్చునే గీతను పిలిచి చూపించాను. ఇలాంటి దోవను తను ఎక్కడా చూడలేదంది. లైన్‌మాన్ ఆయన మాత్రం, పెద్దతిప్పసముద్రం పక్క వాళ్ళ తాతల ఊర్లో కూడా ఉండేదన్నాడు.

ఆ తర్వాత దోవ రెడ్డెమ్మత్త చేన్లో ఆగిపోయింది. ఎన్ని పలకలు తిప్పినా కదల్లేదు. ఏడాదికేడాది వెడల్పు అవుతూ, తెల్లబడుతూ అక్కడే ఉంది.

ఇక ఇప్పుడు రాసేది మీ ఎదుట నిలబడి జన్మలో అనలేను. కాగితం కాబట్టి రాస్తున్నాను. వరదరాజులుగారు వంతు ఎగ్గొట్టారు, నిజం. మీరు ఆయన కోసం కాచుకున్నారు. మీ వంతు రాలేదని మీ చేను మూసిపెట్టుకున్నారు. ఆ దోవన మీరు పోలేదు, అదీ నిజమే. కానీ మన చేను తెరుచుకుని ఉంటే ట్రాక్టర్లు ఇటు తిరిగేవి కదా మామా. మీరిద్దరూ పట్టుబట్టిన ఏండ్లన్నీ రెడ్డెమ్మత్త ఒక్కతే వదిలింది. ఆ నేలను ఒక్కసారి కూడా ఎవరూ దున్నిపెట్టలేదు. ఫోటోలో అది రాయిలాగా మెరుస్తోంది.

ఆమె మిమ్మల్ని చూసిన చూపు మీకు తెలియలేదన్నారు. నాకు తెలిసిందని అనుకుంటున్నాను.

ఈ జాబు చదివాక, ఇంక కాలేజీ చాలు ఇంటికి రా అని మీరు రాసినా నేను నొచ్చుకోను. కానీ మీటింగులోపల ఆ దోవను కదిలించే మార్గం ఏదైనా ఉంటే అది కూడా రాయండి. పటంలో నేను కదిలించగలను. నేల మీద నాకు చేతకాదు.

మీ కోడలు
ప్రసన్న


దిన్నెమీదపల్లె
జూన్ 7

ప్రసన్నకు,

నీ జాబు మూడుసార్లు చదివినాను. నాకు చదవడం నిదానం కాబట్టి, మూడుసార్లూ కోపం నిదానంగానే వచ్చింది. మీ అత్త ఏమి రాసిందని అడిగితే ఎండలు ఎక్కువని రాసిందన్నాను.

కాలేజీ మానమని నేనెందుకు అంటాను? ఇంత మాట రాసే ధైర్యం ఇచ్చిన చదువును సగంలో మానిపిస్తే, ఇంటికొచ్చి మిగతా సగం నోటితో అంటావు. ఆ చదువు ముగించుకునే రా.

నువ్వు రాసింది ఒప్పు అని రాయను. తప్పు అని కూడా రాయను. వంతు వరదరాజులుదే. ఈ మాట నేను పోయేదాకా మారదు. అది పక్కన పెట్టు, జరిగింది చెబుతాను.

మొన్న మొదటి వాన పడింది. ఆ తెల్లారి నేను చేన్లోకి పోలేదు. నేరుగా వరదరాజులు ఇంటికి పోయినాను. వాడు అరుగు మీద విత్తనం చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి చేట కింద పెట్టి లేచినాడు. భార్య పద్మావతి లోపలినుంచి తొంగి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. గొడవకు వచ్చినాననుకున్నారు. నేనూ అదే అనుకుని బయలుదేరినాను, దోవలో మనసు మారింది.

ఈ ఏడు దోవ నా రోడ్డు చేన్లో వదులుతున్నానని చెప్పినాను. వాడికి అర్థం కాలేదు. “నీ వంతు కాదు కదప్పా?” అన్నాడు. చూసినావా, వంతు ఎవరిదో వాడికి బాగా గుర్తుంది. ఇన్నేళ్ళూ మరిచిపోయినాడనుకున్నాను.

“కాదు. నీదే. నీదని నీ నోటితోనే అంటివి, చాలు. నేను ముందుగా ఇస్తాండాను. వచ్చే ఏడు నీది” అన్నాను.

డ్రిప్పు సంగతి మొదలుపెట్టినాడు. పైపులు గెనిమకు ఒక బండి దూరంగా జరుపుకోవడానికి నీకు ఏడాది టైము ఇచ్చినాను, నీ మనుమరాలి పెళ్ళికి కూడా ఇంత టైము తీసుకోలేదన్నాను. వాడు సరే అనలేదు, కాదూ అనలేదు. చేట మళ్ళీ చేతికి తీసుకుని, “కూసో, కాయలు ఒలుస్తా మాట్లాడదాం” అన్నాడు. కూర్చున్నాను. మాట్లాడలేదు. ఇద్దరం ఒలిచినాము. వాడి విత్తనం బాగాలేదు, సగం తాలు. ఆ మాట మాత్రం చెప్పి వచ్చినాను.

నేను మంచివాణ్ణి అయిపోయి దోవ ఇచ్చినానని నువ్వు అనుకోవద్దు, మీ సారుకు చెప్పవద్దు. నా చేను మూసి ఉన్నన్నాళ్ళు వాడికి ఒక సాకు ఉండింది. ఇప్పుడు నాది తెరిస్తే వచ్చే ఏడు వాడికి నోరు లేదు. ఊరంతా నా దోవన పోతుంది, వాడి ట్రాక్టరు కూడా నా నేల మీదే పోవాల. పోయిన ప్రతిసారీ వాడికి నేను గుర్తొస్తాను. అది చాలు నాకు.

నిన్న రెడ్డెమ్మ ఇంటికి కూడా పోయినాను. ఈ ఏటినుంచి నీ చేన్లో చక్రం దిగదు, గెనిమ కొసన ముండ్లకంప వేయి, ఎవడన్నా తీస్తే నాకు చెప్పు అన్నాను. ఆమె నమ్మలేదు. “కంప యాల అన్నా, ముందు నీ దోవ కనపడనీ” అంది. నాకు మండింది. మండినా ఆమె అన్నదాంట్లో తప్పులేదు. ఆ గట్టినేలను దున్నిపెట్టే పని కూడా ఉంది. ఆ దోవన పోయినవాళ్ళంతా దున్నాల, అది కట్టుబాటు. నేను ఒక్కణ్ణే పోలేదు, అయినా మొదటి సాలు నేనే దున్నిస్తాను, మహేష్ ట్రాక్టరు మాట్లాడినాడు. ఎందుకని వాడు అడిగితే నోరు మూసుకోమన్నాను. నువ్వూ అడగొద్దు.

గ్రావెల్ రాదు. ఏటికొకచోట మారే దోవకు ఎవరూ గ్రావెల్ పోయరు. సెక్రటరీ నెత్తి కొట్టుకున్నాడు, వచ్చిన పని పోతుందే అని. పోనీ అన్నాను. మహేష్ కూడా మొహం మాడ్చుకున్నాడు. వాడి బాధ నాకు తెలుసు. వానకు బురదైతే ఆటో దిగబడుతుంది, ఆ దినాల్లో మళ్ళీ నెత్తి మోతే. మోద్దాం.

ఇప్పుడు నీ పని. పటం మళ్ళీ గీయి. ఒక ఎర్రగీత కాదు, మూడు గీయి. ఈ ఏటిది మన చేన్లో. వచ్చే ఏటిది వరదరాజులు చేన్లో, వాడి పేరు, సంవత్సరం స్పష్టంగా రాయి. ఆ పై రెండేండ్లు మళ్ళీ మన చేను, వాడి చేను, ఈ రెండే తిప్పు. రెడ్డెమ్మ వంతు ఇప్పట్లో రాదు, ఆమె వదలాల్సినదానికంటే ఎక్కువే వదిలింది. ఎప్పుడు వస్తుందో నువ్వే లెక్కవేసి పటంలో పెట్టు, నేను అంతదాకా ఉండను. వరదరాజులు దీనికి ఒప్పుకోకపోతే మీటింగులో లేచి ఒప్పుకోనని చెప్పనీ. అందరి ఎదుట చెప్పే మొహం వాడికి ఉందేమో చూస్తాను.

ఇంకొకటి. నా చేను గెనిమ నేరుగా లేదు, మధ్యలో బండరాయి ఉంది. దాని ఎడమ పక్కన వదలాలా, కుడి పక్కన వదలాలా? ఎడమ అయితే బండి తిరగడానికి సుళువు, నాకు నాలుగు సాళ్ళు ఎక్కువ పోతాయి. కుడి అయితే నేల మిగులుతుంది, ట్రాక్టరు ట్రైలరు తిరుగుతుందో లేదో తెలియదు. నువ్వు ఉగాదికి అక్కడ నడిచినావు కదా, చుక్కలున్నాయి కదా, కొలిచి చెప్పు. నీ పటం ఎటు చెబితే అటే వదులుతాను, సాళ్ళు పోయినా సరే.

విత్తనం ఒలిచి పెట్టినాను. రెండో వాన పడిందంటే నేను ఒక్క పూట కూడా ఆగను, పదును ఆరిపోతే గింజ మొలవదు. పదమూడో తేదీ, శుక్రవారం లోపల నీ జవాబు నా చేతిలో ఉండాల. ఫోను వద్దు. మహేష్‌తో చెప్పి పంపొద్దు. ఎడమా, కుడా, కాగితం మీద రాయి. శుక్రవారం దాటితే ఎడమ పక్కనే వదిలి విత్తేస్తాను. ఆ తర్వాత నువ్వు వచ్చి మామా కుడి అయ్యుంటే నేల మిగిలేది అంటే, వినేది లేదు.

గంగాధరం